కూరకు ఏ పుంజు, జాతికి ఏ పుంజు

(బెంగళూరు కె.ఆర్.పురంలో ఇంటి పెంపకాల మీద ఆసక్తి ఉన్న తెలుగువాళ్లు ఒక ఆదివారం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మబ్బు పట్టి ఉన్నా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లకు ముందే ఒక మాట. మధ్యలో కోడిని కోసే పద్ధతి గురించి కూడా చెబుతాను. కూర కోసం పెంచుతూ ఆ ఒక్క సంగతి మాత్రం పక్కన పెట్టేయడం నాకు సరైన పనిగా అనిపించదు. వినడం ఇష్టం లేనివాళ్లు ఆ కాసేపు బయట టీ తాగి రావచ్చు.

మా వైపు, అంటే హిందూపురం, మడకశిర వైపు పల్లెల్లో కోళ్లు లేని ఇల్లు అరుదు. ఆ ఇళ్లలో ఏ పుంజు ఎక్కడికి పోతుందో ఒకసారి ఆలోచించండి. అల్లుడు వస్తే ఏ పుంజును పడతారు? గుంపులో అన్నిటికంటే బరువైనదాన్ని. జాతరకు ఏది మొక్కుకుంటారు? ఏ వంకా లేని నిండు పుంజును. సంక్రాంతి ముందు బేరగాడు ఊళ్లోకి వచ్చి మంచి ధర ఇచ్చి ఏది కొనుక్కుపోతాడు? కాళ్లు బలంగా, ఛాతీ వెడల్పుగా ఉన్నదాన్ని. ఇక మిగిలేది ఏది? పొట్టిది, ఆలస్యంగా ఎదిగింది, ఎవరి కంటా పడనిది. ఏడాది పొడుగునా పెట్టలతో తిరిగేది అదే. వచ్చే పిల్లలన్నిటికీ తండ్రి అదే.

కోళ్లలో ఒక తరం అంటే సుమారు ఏడాది. 30 ఏళ్లు ఇలా జరిగితే 30 తరాలు. ఇప్పటి నాటుకోళ్లు మునుపటంత ఉండటం లేదని అందరం అంటాం. మేత తగ్గడం, జాతులు కలిసిపోవడం వంటి కారణాలు ఉన్నాయి. కానీ ప్రతి ఏడూ మేలైనదాన్ని కోసుకుని, నాసిదాన్ని జాతికి వదిలేయడం కూడా పెద్ద కారణమే. దాన్ని మాన్పించడం మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. ఈరోజు నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది అదే.

ఇదే కోడితో వేరే దేశంవాళ్లు ఏం చేశారో చూడండి. మన పందెం కోళ్ల జాతి అసీల్, దాని పుంజులు 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ చేరాయి. కార్న్‌వాల్ ప్రాంతంలో వాటిని అక్కడి పందెం కోళ్లతో, మలయ్ కోళ్లతో కలిపి ఒక జాతిని తయారు చేశారు. దానికి ఇండియన్ గేమ్ అని పేరు పెట్టారు. తర్వాత దాన్నే కార్నిష్ అన్నారు. ఆ కార్నిష్ అమెరికా వెళ్లింది. అక్కడ 1948లో మాంసానికి మేలైన కోడి కోసం దేశమంతటికీ ఒక పోటీ పెట్టారు. కాలిఫోర్నియా పెంపకందారు వాంట్రెస్ తెచ్చిన కార్నిష్, న్యూహాంప్‌షైర్ సంకరం గెలిచింది. ఇప్పుడు మన వీధి చివర చికెన్ సెంటర్లో వేలాడే తెల్ల బ్రాయిలర్‌కు తండ్రి వైపు మూలం ఆ కార్నిషే, తల్లి వైపు వైట్ ప్లిమత్ రాక్. అంటే బ్రాయిలర్లో మన అసీల్ రక్తం ఉంది. వాళ్లు ప్రతి తరంలో బరువైనదాన్ని జాతికి ఉంచుకున్నారు. మనం ప్రతి తరంలో బరువైనదాన్ని కూరకు కోసుకున్నాం.

ఇక్కడే ఒక అపోహ తీర్చాలి. బ్రాయిలర్‌కు హార్మోన్ సూదులు వేస్తారు, అందుకే 6 వారాల్లో 2 కిలోలు తూగుతుంది అని మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. అది నిజం కాదు. ఆ ఎదుగుదల తరతరాల ఎంపిక వల్ల, లెక్కగా ఇచ్చే మేత వల్ల వచ్చింది. భయపడాల్సినది యాంటీబయోటిక్స్ విచ్చలవిడి వాడకం గురించి. కొలిస్టిన్ అనే మందు మనుషులకు చివరి ఆసరాగా వాడేది. దాన్ని కోళ్ల మేతలో కలపకూడదని 2019లో కేంద్రం నిషేధించింది. మనం ఇంట్లో పెంచినా ఈ విషయంలో జాగ్రత్త పడాల్సిందే. కోడికి మందు వాడితే, ఎన్ని రోజుల దాకా దాని మాంసం తినకూడదో డాక్టరును అడిగి, ఆ రోజులు గడిచాకే కోయాలి.

సరే, ఏ జాతి పెంచాలి? మనం ఉన్న చోటు నుంచే మొదలుపెడదాం. ఘాగస్ అని ఒక జాతి ఉంది. ఆంధ్ర, కర్ణాటక రెండు రాష్ట్రాల పేరు మీదా నమోదైన జాతి అది. కోలారు చుట్టుపక్కల, మన సరిహద్దు జిల్లాల్లో సంచార కులాలవాళ్లు పెంచుకుంటూ వచ్చారు. ఇంత దగ్గరలో ఉన్నా మనలో చాలామందికి దాని పేరు తెలియదు. చిత్తూరు వైపు కాళాస్తి, విజయనగరం, శ్రీకాకుళం వైపు డంకి ఉన్నాయి. అసీల్ సంగతి చెప్పక్కర్లేదు. డేగ, కాకి, నెమలి, సేతువ అని రంగును బట్టి మీరే నాకంటే ఎక్కువ పేర్లు చెప్పగలరు. కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, ధార్ జిల్లాలది. దానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చర్మం, మాంసం, ఎముకల దాకా నలుపే. రుచి బాగుంటుంది. అది సర్వరోగ నివారిణి అని చెప్పి మూడింతల ధరకు అమ్మేవాళ్ల దగ్గర మాత్రం కొనకండి.

గిరిరాజ, స్వర్ణధార మన హెబ్బాళ పశువైద్య కళాశాలలో తయారైనవి. వనరాజా, గ్రామప్రియ హైదరాబాదు రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థవి. మంచి కోళ్లే, రైతుకు పనికొచ్చేవే. కానీ అవి సంకర రకాలు. వాటి గుడ్లు పొదిగిస్తే పిల్లలన్నీ తల్లిదండ్రుల్లా రావు. పెట్టలు పొదుగుకు కూర్చోవడం కూడా తక్కువే. జాతి నిలబెట్టాలనుకునేవాళ్లకు అవి సరిపోవు.

బజార్లో నాటుకోడి పేరుతో కొనేటప్పుడు ముక్కు చూడండి. గుడ్ల ఫారాల్లో కోళ్లు ఒకదాన్ని ఒకటి పొడుచుకోకుండా ముక్కు కొస కత్తిరిస్తారు. పై ముక్కు మొండిగా, కింది దానికంటే పొట్టిగా ఉందంటే అది గుడ్లు పెట్టడం అయిపోయిన ఫారం కోడి. పెరట్లో తిరిగిన కోడికి ముక్కు సూదిగా, కొంచెం వంగి ఉంటుంది.

ఇప్పుడు లెక్క. 20 వారాలకు అసీల్ సగటున కిలో పావు తూగుతుంది, కడక్‌నాథ్ 900 గ్రాముల చిల్లర. మేలు రకం అసీల్ పుంజు పూర్తిగా ఎదిగాక 4 కిలోలు దాటుతుంది కానీ దానికి ఏడాది పైగా పడుతుంది. బ్రాయిలర్ కిలో బరువు పెరగడానికి 2 కిలోల లోపు మేత చాలు. నాటుకోడికి కొన్న మేతే పెడితే 4, 5 కిలోలు పడుతుంది. కాబట్టి డబ్బు ఆదా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. తిరిగి ఏరుకు తినడానికి నేల ఉంటేనే గిట్టుబాటు.

అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్లకు ఖచ్చితంగా చెబుతున్నాను, వద్దు. పుంజు నాలుగైదు నెలలకు కూత మొదలుపెడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి పక్కింటివాళ్ల నిద్ర పాడుచేసే హక్కు మనకు లేదు. హొసకోట, సర్జాపుర, దేవనహళ్లి వైపు సొంత స్థలం ఉన్నవాళ్లు, చుట్టూ కాంపౌండు ఉన్నవాళ్లు మొదలుపెట్టండి. పెద్ద కోడికి గూట్లో రెండు మూడు చదరపు అడుగులు, పగలు తిరగడానికి అంతకు ఎన్నో రెట్లు ఉండాలి. బెంగళూరులో గద్దలు ఎక్కువ, పిల్లలు తిరిగే చోట పైన వల కట్టాల్సిందే. రాత్రి పూట ముంగిస, పందికొక్కు, పిల్లి వస్తాయి. గూడు నేలకు అడుగున్నర ఎత్తులో ఉంటే మంచిది. అసీల్ పుంజులు మూడు నాలుగు నెలలకే ఒకదాని మీద ఒకటి పడతాయి. వాటిని విడదీసి ఉంచే చోటు లేకపోతే అసీల్ జోలికి పోకండి, ఘాగస్ లాంటివి చూసుకోండి.

పిల్లల్ని తీసే పని పెట్టకే వదిలేయండి. అసీల్ పెట్టలాంటి తల్లి ఇంకోటి లేదు. పది పన్నెండు గుడ్లు, వారం లోపు పెట్టినవి, దాని కింద పెట్టండి. ఏడో రోజు రాత్రి ఫోను లైటు గుడ్డు వెనక పెట్టి చూస్తే ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తాయి. ఏమీ కనిపించనిది తీసేయండి. 21 రోజులకు పిల్లలు. పెట్ట దొరక్క ఒకరోజు వయసు పిల్లల్ని కొనుక్కొస్తే మొదటి వారం 35 డిగ్రీల వేడి ఇవ్వాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటర్ ఉంటే మంచిదే, లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపుగా ముద్దకట్టి అరుస్తుంటే చలి. దూరంగా పోయి రెక్కలు వదిలేసి నోరు తెరిస్తే వేడి ఎక్కువ. గుండ్రంగా పరుచుకుని కొన్ని తింటూ, కొన్ని పడుకుని ఉంటే సరిగ్గా ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇక్కడ బాగా చలి, ఆ నెలల్లో గోనెపట్టా కప్పుకోవాలి. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో కింద పరిచిన పొట్టు తడవకుండా చూసుకోవాలి. తడి పొట్టులోనే రక్త విరేచనాల జబ్బు పుడుతుంది.

టీకాల దగ్గర ఇంటి పెంపకందారులు తప్పించుకు తిరుగుతారు. తప్పించుకోవద్దు. కొక్కెర తెగులు వస్తే రెండు మూడు రోజుల్లో గూడు ఖాళీ. పిల్లకు వారం లోపు ఆ తెగులుకు లసోటా టీకా కంట్లో ఒక చుక్క, రెండో వారంలో గంబోరో జబ్బుకు టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మశూచి టీకా, కొక్కెర తెగులుకే ఆర్‌2బి అనే సూది. మీ పశువైద్యుడు చెప్పే వరస కొంచెం అటూ ఇటూ ఉండవచ్చు, ఆయన మాటే వినండి. చిక్కు ఎక్కడంటే సీసా 100 డోసులదో అంతకంటే పెద్దదో ఉంటుంది. మన ఇంట్లో పిల్లలు పదిహేను. కలిపిన మందు రెండు గంటల్లో వాడేయాలి. అందుకని నలుగురైదుగురు ఒకే వారంలో పొదగేయండి, ఒకే సీసా పంచుకోండి. మందు ఐసులో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే ఒక పూట పని. మీ కోళ్ల దగ్గర వేసుకునే చెప్పులు మాత్రం ఇంకొకరి గూటి దగ్గరికి పోకూడదు.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఎన్ని ఫారాలు తుడిచిపెట్టుకుపోయాయో చూశాం. సంతలో ముచ్చటపడి కొన్న పుంజును అదే రోజు గుంపులో వదలకండి. మూడు వారాలు విడిగా ఉంచండి.

మేత గురించి ఎక్కువ చెప్పను, మీ అమ్మమ్మలకు తెలిసిందే. రాగులు, నూకలు, తవుడు, వేరుశనగ చెక్క. చెక్కకు బూజు ఉంటే పారేయండి, ఆ బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది. చిన్నపిల్లలకు మాంసకృత్తులు ఎక్కువ కావాలి. అందుకే పల్లెల్లో చెదలు పట్టించి తెచ్చి వేసేవాళ్లు. పాత కుండలో పేడ, తడి గడ్డి కుక్కి పుట్ట దగ్గర రాత్రి బోర్లిస్తే తెల్లారేసరికి నిండా చెదలు. హొసకోట దాటాక ఇప్పటికీ ఇది చేయవచ్చు.

ఇక అసలు పని, ఏరడం. పిల్లల కాళ్లకు రంగు రింగులు వేయండి. ఎదిగేకొద్దీ వదులు చేస్తూ ఉండాలి, లేకపోతే కాలు కోసుకుపోతుంది. 8 వారాల వయసులో ఒకసారి, 16 వారాల వయసులో ఒకసారి తూకం వేసి నోట్‌బుక్‌లో రాయండి. చేతిసంచిలో కోడిని కూర్చోబెట్టి వంటింటి స్ప్రింగ్ తక్కెడకు తగిలిస్తే చాలు, అది కదలకుండా కూర్చుంటుంది. 16 వారాల రోజున పుంజును ఒడిలోకి తీసుకుని రొమ్ము ఎముక మీద బొటనవేలు, చూపుడువేలు ఆనించి కిందికి జరపండి. ఎముక కత్తిలా తగిలితే కండ లేదు. ఎముకకు రెండు పక్కలా వేళ్లు కండ మీద ఆగితే అది మాంసం ఉన్న కోడి. ఎముక వంకర ఉందా, కాళ్లు తిన్నగా ఉన్నాయా, నడక బాగుందా చూడండి. గుణం కూడా రాయండి. పందేలవాళ్లు తరాలుగా పోట్లాడేదాన్నే ఏరుకున్నారు. మనం కూరకు పెంచుతున్నాం కాబట్టి మనిషిని చూసి ఎగబడనిది, తోటి పుంజును కొంతైనా ఓర్చుకునేది కావాలి. జబ్బు పడి మందులతో లేచినదాన్ని జాతికి ఉంచకండి, ఎంత అందంగా ఉన్నా.

ఇప్పుడు పది పుంజుల్లో మొదటి రెండూ పక్కన పెట్టండి. ఎవరు వచ్చినా, అల్లుడు వచ్చినా, ఆ రెండిటి మీద చెయ్యి వేయకూడదు. మిగతా ఎనిమిదీ కూరకు. అందరం ఈ ఒక్క నియమం పాటిస్తే ఐదారేళ్లలో తేడా మీ తక్కెడే చూపిస్తుంది.

లెక్క వెనక్కి వేసుకుంటే పండగకు కోడి తయారుగా ఉంటుంది. కనుమకు కావాలంటే జులైలో పొదగేయాలి. ఇక్కడ ఉగాది మరునాడు హొసతొడకు చేస్తారు కదా, ఆ రోజు బెంగళూరంతా నాటి కోళి, అంటే నాటుకోడి కోసం వెతుకుతుంది. దానికి సెప్టెంబరు చివర గుడ్లు పెట్టాలి.

కోయడం. ముందు రోజు సాయంత్రం నుంచి మేత ఆపి, నీళ్లు మాత్రం ఉంచండి. తెల్లవారకముందే, అది గూట్లో ఉండగానే చీకట్లో మెల్లగా పట్టుకోండి. పగలు గుంపులో తరిమి పడితే బెదురుతుంది, మాంసం గట్టిపడుతుంది. రేకు గరాటును గోడకు కొట్టి, కోడిని తలకిందులుగా అందులోకి దించితే రెక్కలు కొట్టుకోదు, ఎముకలు విరగవు. కత్తి బాగా నూరి ఉండాలి, ఒక్క కోత. రక్తం పూర్తిగా దిగే దాకా ఆగండి. తర్వాత 60 నుంచి 65 డిగ్రీల నీళ్లలో నిమిషం పాటు తిప్పి, రెక్క పెద్ద ఈక లాగి చూడండి. సులువుగా వస్తే చాలు. మరిగే నీళ్లు పోస్తే తోలు ఉడికి చిరిగిపోతుంది. ఈకలు పీకాక ఎండు కొబ్బరాకు మంట మీద కాల్చి పసుపు రాయడం మీకు తెలిసిందే. తోక మీద ఉండే నూనె గ్రంథి తీసేయండి. కార్జానికి అంటుకుని ఉండే ఆకుపచ్చటి చేదు తిత్తి పగలకూడదు, పగిలితే ఆ భాగం కోసి పారేయాల్సిందే. కందనకాయ చీల్చి లోపలి పసుపు పొర వొలిచేయండి.

ఇప్పుడే ఒక అక్క అడిగారు, చేతులతో మేత పెట్టినదాన్ని ఎలా కోస్తామని. కష్టంగానే ఉంటుందక్కా. ఉండాలి కూడా. దాని జీవితం ఎలా గడిచిందో, ఎలా ముగిసిందో మన కళ్లతో చూసిన కోడి ఇది. చీకటి షెడ్డులో కాగితమంత చోటులో నిలబడి పెరిగిన కోడికంటే దీనికి మేలైన బతుకు ఇచ్చాం, అది నాకు ముఖ్యం. మీ చేత కాకపోతే అలవాటున్న మనిషిని ఇంటికి పిలిపించండి. బతికుండగా సంచిలో కుక్కి బండి మీద ఊరంతా తిప్పకండి.

కోసిన గంట లోపు పొయ్యి మీదకు ఎక్కించండి, లేదా ఒక రోజంతా ఫ్రిజ్‌లో ఉంచి వండండి. ఆ మధ్యలో కండ బిగుసుకుని ఉంటుంది. అప్పుడు వండితే ఎంత ఉడికించినా పీచే. ఆరు నెలల లోపు పుంజు వేపుడుకు వస్తుంది. ఏడాది దాటినది మట్టికుండలో సన్నమంట మీద పులుసే. ఎండు కొబ్బరి, ధనియాలు, గసగసాలు నూరి పోసి, రాగిసంగటి పక్కన పెట్టుకోండి. కుక్కర్లో ఐదారు విజిళ్లు పెట్టినా తప్పు లేదు, కానీ ఆ పులుసు చిక్కదనం రాదు.

చివరగా, ఇక్కడ ఉన్నవాళ్లలో కోళ్లున్న ఐదు ఇళ్లవాళ్లు కలిసి చేయగలిగిన పని ఒకటి ఉంది. ఇంటి పుంజునే ఇంటి పెట్టలకు మళ్లీ మళ్లీ కలిపితే కొన్నేళ్లకు పొదిగే గుడ్లు తగ్గుతాయి, పిల్లలు నీరసంగా పుడతాయి. అందుకని ఎవరి పెట్టలు వాళ్ల దగ్గరే ఉంటాయి. పుంజులు మాత్రం ఏటా ఒకే దిక్కున జరగాలి. మొదటి ఇంట్లో పుట్టిన మేలైన పుంజు రెండో ఇంటికి, రెండో ఇంటిది మూడో ఇంటికి, అలా ఐదో ఇంటిది మొదటి ఇంటికి. దిక్కు ఎప్పుడూ మార్చకూడదు. ఇచ్చేటప్పుడు తూకాల నోట్‌బుక్ పేజీ కూడా ఇవ్వాలి. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. పక్కన ఉంచిన రెండిటిలో ఒకటి వరసలో తర్వాతి ఇంటికి పోతుంది, రెండోది మీ దగ్గరే ఉంటుంది, వచ్చిన పుంజుకు ఏమైనా అయితే ఆదుకోవడానికి. ఈ బల్ల మీద కాగితం పెట్టాను. మీరు ఉండే ప్రాంతం, మీ దగ్గర ఉన్న జాతి, పెట్టలు ఎన్నో రాయండి. అసీల్ వాళ్లు ఒక వరస, ఘాగస్ వాళ్లు ఒక వరస. జులై పొదుగుకు టీకా సీసా ఎవరు తెస్తారో కూడా ఇప్పుడే తేల్చుకుందాం.